పదకొండో రిఫరెన్సు

వైస్ ప్రిన్సిపాల్ సౌందరరాజన్ ప్రాజెక్టు రిపోర్టును వెనకవైపు నుంచి తెరిచాడు. ముందున్న పేజీలన్నిటినీ బొటనవేలితో ఒక్కసారిగా పక్కకు తోసి, చివర్లో ఉన్న రిఫరెన్సుల పట్టిక దగ్గర ఆగి, ఎర్ర పెన్ను మూత తీశాడు.

టేబుల్‌కి ఇవతల మోహన తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకోబోయి, మళ్ళీ మానుకుని నిలబడింది. పక్క కుర్చీలో పెరుందేవి కూర్చుని ఉంది. తిరుపతిలోని ఆ నర్సింగ్ కాలేజీలో పరిశోధన పాఠం చెప్పేది ఆమే. నాలుగో సంవత్సరం పిల్లలు ఒక్కొక్కరూ ఒక చిన్న అధ్యయనం చేసి రిపోర్టు రాయాలి. వైస్ ప్రిన్సిపాల్ సంతకం పడితేనే అది పరీక్షకు వెళ్తుంది.

మోహన తన సొంత ఊరు పూతలపట్టును ఎంచుకుంది. అక్కడి ఇళ్ళల్లో పసిబిడ్డల బొడ్డును ఎలా చూసుకుంటున్నారన్నది ఆమె తెలుసుకోవాలనుకున్న విషయం. సెలవు దొరికినప్పుడల్లా చిత్తూరు బస్సెక్కి వెళ్ళి, బాలింతల మంచం పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాసుకొచ్చింది. ఒకావిడ పసుపు కొమ్ము కాల్చి ఆ బూడిద పెడుతుంది. ఒకావిడ ఆముదం రాస్తుంది. ఇంకొకావిడ, ఎవరికీ పేరు చెప్పని ఆకు పసరు పిండుతుంది. ఆ పేజీలు చదువుతూ పెరుందేవి ముందు పెట్టుకున్న కాఫీ సంగతే మరిచిపోయింది. తను చూసిన ప్రాజెక్టుల్లో మనుషుల గొంతు వినిపించినవి చాలా తక్కువ.

"ఇక్కడ కామా లేదు," అన్నాడు సౌందరరాజన్, ఎర్ర సున్నా చుడుతూ. "ఇక్కడ సంవత్సరం తర్వాత చుక్క లేదు. ఇది పుస్తకం పేరు, వాలు అక్షరాల్లో ఉండాలి. ఇక్కడేమో ఉండకూడని చోట ఉన్నాయి."

పట్టిక మీద కుంకుమ చల్లినట్టయింది. రిపోర్టు మూసి మోహన వైపు జరిపాడు.

"మాన్యువల్ కొన్నావా?"

"లేదు సార్."

"సర్క్యులర్ చూళ్ళేదా?"

"చూసినాను సార్."

రిఫరెన్సులు ఎలా రాయాలో చెప్పే లావుపాటి ఇంగ్లీషు పుస్తకం అది. నాలుగో సంవత్సరం వాళ్ళందరూ తప్పక కొనాలని, కొనని వాళ్ళ రిపోర్టు మీద సంతకం ఉండదని ఆ వారమే నోటీసు బోర్డులో పెట్టారు. హాస్టల్లో పిల్లలు దానికి కామాల పుస్తకం అని పేరు పెట్టేశారు. ఒక నెల మెస్ బిల్లుతో సమానమైన ధర.

మోహన రిపోర్టు తీసుకుని వెళ్ళిపోయింది. తలుపు మూసుకునే దాకా పెరుందేవి ఆగింది.

"లోపల ఏముందో చూశారా సార్?"

"పట్టికే సరిగా లేని రిపోర్టు లోపల ఏముంటుంది మేడమ్?"

"చాలా ఉంది."

సౌందరరాజన్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. నుదుట సన్నగా దిద్దుకున్న తిరుచూర్ణం గీత చెమటకి కొద్దిగా కరిగింది. మనిషి దుర్మార్గుడేమీ కాదు. పోయినేడు బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ ఈ కాలేజీ పిల్లల పట్టికలు అందరి ముందూ చదివి నవ్వాడు. ఆ నవ్వు ఈయన ఇంకా మరిచిపోలేదని పెరుందేవికి తెలుసు.

"మీరేమంటారు? కొనక్కర్లేదంటారా?"

"నర్సులకి కావలసినంత వరకూ రెండు కాగితాల్లో రాసివ్వొచ్చు సార్. అనుమానం వస్తే చూసుకోవడానికి లైబ్రరీలో ఒక ప్రతి ఉండనే ఉంది. ఊరికే దొరికేదాన్ని బలవంతంగా కొనిపించడం ఎందుకు?"

"ఊరికే దొరికేదాన్ని ఎవరూ చదవరు మేడమ్. డబ్బు పెట్టి కొంటేనే తెరుస్తారు."

"నేను చదివిస్తాను."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని కిటికీలోంచి చూశాడు. కొండ మీద ఎండ తెల్లగా కాస్తోంది.

"సరే. సోమవారం నాటికి అందరి పట్టికలూ నా టేబుల్ మీద ఉండాలి. తప్పు లేకుంటే సర్క్యులర్ తీసేస్తాను. ఒక్కటి తప్పున్నా అందరూ కొంటారు. తర్వాత మీరు నా దగ్గరికి మళ్ళీ రాకూడదు."

"రాను సార్," అంది పెరుందేవి.

మర్నాటి నుంచి క్లాసులయ్యాక లైబ్రరీలో పొడుగు బల్లల చుట్టూ పిల్లలు చేరారు. పెరుందేవి అట్టముక్కలు కత్తిరించి పంచింది. ఒక్కో అట్టముక్క మీద ఒక్కో రిఫరెన్సు. ముందు రాసినవాళ్ళ పేరు, తర్వాత సంవత్సరం, తర్వాత పుస్తకం పేరు, చివర ప్రచురణకర్త. బోర్డు మీద నమూనా రాసి, కామాలు మాత్రం రంగు సుద్దతో పెట్టింది. తప్పు రాస్తే అట్టముక్క తిప్పి మళ్ళీ రాయాలి, అంతే.

మొదటి చిక్కు పేర్ల దగ్గరే వచ్చింది.

"మేడమ్, ఇంటిపేరు ముందు రాయమంటారు. మాకు ఇంటిపేరు రాసే అలవాటే లేదు గదా," అంది మునిలక్ష్మి. మోహన రూమ్మేట్, గలగలా మాట్లాడే పిల్ల. "మా నాయన పేరులోది మొదటక్షరం పెట్టుకుంటాము. ఈ పుస్తకం రాసినాయన కూడా మా తట్టోడే అనిపిస్తాది. ఈయన్ను ఎట్ల తిప్పేది?"

"తిప్పకు. ఆయన తనని తాను ఎలా రాసుకున్నాడో అలాగే రాయి. నన్ను ఎవరైనా మా నాన్నగారి పేరుతో పట్టికలో ఎక్కిస్తే, వెతికేవాళ్ళకి నేను ఎప్పటికీ దొరకను."

పిల్లలు నవ్వారు. పని నడిచింది. శనివారం మధ్యాహ్నానికి చుక్కలు, కామాలు దాదాపు దారికొచ్చాయి. ఒకరి అట్టముక్కలు ఒకరు దిద్దుతున్నారు. సంవత్సరం తర్వాత చుక్క మరిచిపోయిన వాళ్ళని పక్కనున్న వాళ్ళే మోచేత్తో పొడుస్తున్నారు.

పెరుందేవి లైబ్రరీ ప్రతిని తెచ్చి, ఎవరూ చూడని మొదటి పేజీల్లో ఒకచోట ఆగింది. అక్కడున్న మాటని తెలుగులో చెప్పింది. "నువ్వు చదివిన దాన్నే ఆధారంగా చూపించు, అంటోంది ఈ పుస్తకం. కామాల సంగతి ఆ తర్వాతే. మీ పట్టికలో ఉన్న పుస్తకాలన్నీ మీరు కళ్ళతో చూసినవేనా?"

ఎవరి అట్టముక్కలు వాళ్ళు చూసుకున్నారు. కొందరు ఒకటి రెండు తీసి పక్కన పెట్టేశారు. మోహన మాత్రం ఒక అట్టముక్కను చేతిలోనే పట్టుకుని కూర్చుంది. పెరుందేవి వెనక నుంచి వంగి చూసింది. పదకొండో రిఫరెన్సు. పసిబిడ్డల సంరక్షణ మీద ఒక పాఠ్యపుస్తకం. బొడ్డుకు రోజూ స్పిరిట్ అద్దాలన్న మాటకు ఆధారంగా దాన్ని చూపించింది మోహన.

"దీన్ని ఎక్కడ చూశావమ్మా?"

"నేను చూళ్ళేదు మేడమ్. సీనియరక్క రిపోర్టులో ఉన్నింది. ఆ మాటా, ఆ పుస్తకమూ రెండూ దాంట్లోనుంచే రాసుకున్నాను."

"ఇక్కడే ఉండాలి, చూద్దాం పద."

బీరువాలో కింది వరసలో ఉంది ఆ పుస్తకం. మోహన నేల మీద చతికిలబడి వెనకనున్న సూచికలో వేలు పెట్టి వెతికింది. పేజీ దొరికింది. చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది, ఈసారి పెదవులు కదుపుతూ. బొడ్డును శుభ్రంగా, పొడిగా ఉంచాలని, దాని మీద మరేమీ పెట్టకూడదని ఉంది. స్పిరిట్ పేరు కూడా ఉంది. అయితే అది పాత అలవాటని, బొడ్డు ఊడడాన్ని ఆలస్యం చేస్తుందని, చర్మానికి మంచిది కాదని ఉంది.

"తిరగేసి రాసేసింది ఆయక్క," అంది వెనక నుంచి మునిలక్ష్మి.

పెరుందేవి మనసు వేగంగా పనిచేసింది. ఆ వాక్యం మారిస్తే చాలు. పుస్తకం ఇప్పుడు చూసినట్టే కాబట్టి రిఫరెన్సు అలాగే ఉంచవచ్చు. సోమవారానికి పట్టిక సరిగ్గానే ఉంటుంది, పిల్లలందరూ గట్టెక్కుతారు. ఈ సంగతి బయటపడితే సౌందరరాజన్‌కి కావలసిన తప్పు దొరికినట్టే.

"భయపడకమ్మా," అంది. "రిపోర్టులో ఆ వాక్యం కొట్టేసి, పుస్తకంలో ఉన్నట్టు రాసెయ్యి. అయిపోతుంది."

మోహన పుస్తకం మూయలేదు.

"రిపోర్టులో కొట్టేస్తాను మేడమ్. ఊర్లో ఎట్ల కొట్టేసేది?"

"ఊర్లో ఏముంది?" అంది పెరుందేవి.

"స్టడీ అయినాక బాలింతలకు, కడుపుతో ఉండే వాళ్ళకు మీటింగ్ పెట్టి చెప్పినాను గదా మేడమ్. బూడిదొద్దు, ఆముదమొద్దు, స్పిరిట్ అద్దండని. మా వీధిలో స్రవంతక్కకి మొన్న కొడుకు పుట్టినాడు. ఆయక్క నా మాటంటే మాట. దినామూ అద్దతా ఉంటాది." ఆమె లేచి నిలబడింది. "ఇప్పుడే ఫోన్ చేసి ఆపమంటాను. అయినా ఫోన్లో చెప్తే చాలదు. రేపు పోయొస్తాను మేడమ్. మిగతా ఇండ్లకూ పోవాల."

తను సోమవారం గురించి ఆలోచిస్తుంటే ఈ పిల్ల ఒక పసివాడి బొడ్డు గురించి ఆలోచిస్తోంది. ఆ తేడా పెరుందేవికి ఎక్కడో తగిలింది.

"నేనూ వస్తాను," అంది.

ఆదివారం పొద్దున బస్సు చంద్రగిరి దాటింది. దారి పొడుగునా జ్యూస్ ఫ్యాక్టరీల ముందు మామిడికాయల ట్రాక్టర్లు వరసకట్టి ఉన్నాయి. మోహన జిరాక్స్ తీసిన పేజీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒడిలో పట్టుకుని కూర్చుంది. స్రవంతి ఫోన్ నిన్నటి నుంచి కలవడం లేదట.

పూతలపట్టులో దిగి వీధి మలుపు తిరిగేసరికి స్రవంతి వాళ్ళ పెరట్లో బిడ్డకు స్నానం అయిపోతోంది. స్రవంతి అత్త వసంతమ్మ పీట మీద కూర్చుని, చాపిన కాళ్ళ మీద బిడ్డను బోర్లా వేసుకుని, వీపు మీద చివరి చెంబు నీళ్ళు పోసింది. తిప్పి, మెత్తటి పాత చీరలో చుట్టి కోడలికి అందించింది. స్రవంతి అరుగు మీద పెట్టిన సీసా మూత తీసి దూది తడిపింది.

"అక్కా, ఆగు. అద్దొద్దు," అంది మోహన, గేటు తీస్తూనే.

తొట్టి దగ్గర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని, గాలికి ఆరబెట్టుకుంటూ వచ్చి కింద కూర్చుంది. చీర మడత తొలగించింది. బొడ్డు ఇంకా ఊడలేదు. చుట్టూ చర్మం ఎండి, లేతగా ఎర్రబడి ఉంది. మోహన తల వంచి వాసన చూసింది. వేలి వెనకతో పొట్ట మీద వేడి చూసింది.

"పాలు బాగా తాగతా ఉండాడా?"

"తాగతా ఉండాడు. దూది తగిలితే మాత్రం గుక్క పెట్టి ఏడస్తాడు," అంది స్రవంతి. "ఫోన్ నీళ్ళలో పడిపోయింది మోహనా, దానికని వచ్చినావా? ఏమైంది?"

పెరుందేవి అరుగు పక్కన నిలబడింది. ఈ పిల్ల ఎలా మొదలుపెడుతుందోనని చూసింది. కొత్త పద్ధతి వచ్చిందనవచ్చు. డాక్టర్లు మార్చారనవచ్చు. ఎవరూ తప్పు పట్టరు.

"నేను మీకు తప్పు చెప్పినానక్కా," అంది మోహన. "స్పిరిట్ అద్దమని చెప్పినాను గదా, అది పుస్తకం చూసి చెప్పింది కాదు. ఎవురో రాసింటే దాన్నే చెప్పేసినాను. నిన్న పుస్తకం తీసి చూస్తే, అద్దగూడదని ఉండాది."

వసంతమ్మ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"ఏమ్మా, నా బిడ్డలందరికీ పసుపు బూడిదే పెట్టినా. అది తప్పంటివి. ఎందుకులే, సదువుకున్న పిల్ల సెప్తా ఉంది అని వదిలేసినా. స్పిరిట్ అంటివి, అంగడికి పోయి తెచ్చినా. ఇప్పుడు అదీ తప్పంటా ఉండావు. రేపొచ్చి ఇంకేమంటావు?"

"రేపు మారితే రేపొచ్చి చెప్తాను పెద్దమ్మా. అయితే ఇంక చూడకుండా మాత్రం చెప్పను." మోహన కవర్లోంచి కాగితం తీసి, ఇంగ్లీషు వాక్యం మీద వేలు ఆనించి, ఒక్కొక్క ముక్కా తెలుగులో చెప్పింది. "బూడిదా వద్దు, స్పిరిట్టూ వద్దు. ఏమీ పెట్టొద్దండి. ఆరినట్టుగా ఉంచితే దానంతట అదే ఊడిపోతాది. గుడ్డ బొడ్డుకు తగలకుండా కిందకి కట్టండి."

"ఏమీ పెట్టకుండానా?" వసంతమ్మ నమ్మలేనట్టు కోడలి వైపు చూసింది.

"ఏమీ వద్దు. చీము పట్టినా, వాసనొచ్చినా, ఎరుపు ఎక్కువైనా మాత్రం ఆస్పత్రికే. ఇప్పుడొక సారి పోయి సిస్టరుకు చూపించుకుని వద్దాం, నేనూ వస్తా."

వసంతమ్మ కాగితం కేసి, ఆ పిల్ల ముఖం కేసి చూసింది. ఆమె కోపం ఇంకా పూర్తిగా దిగలేదు.

"మీ మేడమ్మా ఈమె?" అంది పెరుందేవిని చూపించి. "ఈమె పంపించిందా నిన్ను, పోయి సెప్పమని?"

"లేదమ్మా," అంది పెరుందేవి. "తనే బయల్దేరింది. నేను తన వెంట వచ్చాను."

వసంతమ్మ సీసా తీసి గూట్లో వెనక్కి పెట్టేసింది. "తప్పు సెప్పినామని ఇంటికొచ్చి సెప్పినోళ్ళను నేను సూళ్ళేదమ్మా ఇంతవరకూ," అని లోపలికి వెళ్ళి, రెండు గ్లాసుల మజ్జిగతో తిరిగొచ్చింది.

ఆరోగ్యకేంద్రంలో డ్యూటీ నర్సు బిడ్డను పరీక్షించింది. ఇన్‌ఫెక్షన్ లేదు, చర్మం స్పిరిట్‌కి ఎండిపోయింది, ఆపేస్తే సర్దుకుంటుంది, రెండ్రోజులు గమనించమంది. ఆ మాట విన్నాక మోహన గోడకు ఆనుకుని ఒక నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత ఎండలో మిగిలిన ఇళ్ళకు బయల్దేరింది. ఒక ఇంట్లో నవ్వారు. ఒక ఇంట్లో, చదువు పూర్తి కాకముందే సలహాలెందుకని విసుక్కున్నారు. ఒకావిడ అసలు తను స్పిరిట్ కొననే లేదని, ఆముదమే రాశానని ఒప్పుకుంది. ప్రతి గుమ్మం దగ్గరా మోహన అవే మాటలతో మొదలుపెట్టింది. ఎక్కడా తన తప్పును చిన్నది చేసి చెప్పలేదు. పెరుందేవి పక్కనే గొడుగు పట్టుకుని నడిచింది. తను పాఠం చెప్పిన ఇన్నేళ్ళలో ఏ ఆదివారమూ ఇంత నేర్చుకోలేదనిపించింది.

సోమవారం సౌందరరాజన్ పట్టికలన్నీ ముందేసుకుని కూర్చున్నాడు. ఎర్ర పెన్ను మూత తీసి ఉంది గాని, కాగితం మీద పడే అవసరం రాలేదు. ఒక్కో రిపోర్టూ వెనక నుంచి తెరిచి, చూసి, పక్కన పెడుతున్నాడు. గుమ్మం బయట పిల్లలు ఒకరి భుజాల మీదుగా ఒకరు తొంగి చూస్తున్నారు.

మోహన రిపోర్టు వచ్చింది. పట్టిక బాగుంది. అయితే దానికి ముందు కొత్తగా ఒక పేజీ ఉంది. ఆయన వేలు అక్కడ ఆగింది. పక్కన కూర్చున్న పెరుందేవి కూడా అప్పుడే చూసింది. ఆ పేజీ సంగతి మోహన ఆమెకు చెప్పలేదు.

ఆయన చదివాడు. మొదట ఒక పుస్తకాన్ని చూడకుండానే చూసినట్టు పట్టికలో రాశానని, పాత రిపోర్టులోని మాట నమ్మి తల్లులకు తప్పు సలహా ఇచ్చానని, పుస్తకం చూశాక ఇళ్ళకు వెళ్ళి సరిదిద్దానని, ఒక బిడ్డకు చర్మం ఎర్రబడిందని, ఆ బిడ్డను ఆరోగ్యకేంద్రంలో చూపించానని, సాదా ఇంగ్లీషులో రాసి ఉంది.

"ఇది మీరు రాయించారా మేడమ్?"

"లేదు సార్. నేనైతే రాయించి ఉండేదాన్ని కాదు."

ఆయన మోహనను లోపలికి పిలిచాడు.

"ఈ పేజీ ఎగ్జామినర్ చూస్తే మార్కులు తగ్గించవచ్చు. తెలుసా?"

"తెలుసు సార్."

"తీసేస్తే పట్టిక శుభ్రంగా ఉంది. ఇప్పుడే సంతకం పెడతాను."

మోహన చేతులు వెనక్కి కట్టుకుంది. "జరిగింది సార్ అది. తీసేస్తే నా స్టడీలో జరగనట్టు అయిపోతాది. ఇంకొక జూనియరు నా రిపోర్టు చూసి రాసుకుంటే, మళ్ళీ అదే తప్పు చేస్తారు."

"బిడ్డ ఎలా ఉన్నాడు?"

ఆ ప్రశ్న ఎవరూ ఊహించలేదు. "పొద్దున పక్కింటోళ్ళ ఫోన్లో మాట్లాడినాను సార్. ఎరుపు తగ్గిందంట."

సౌందరరాజన్ తల ఊపాడు. రిపోర్టును మూసి, తిప్పి, ముందు అట్ట తెరిచాడు. మొదటి పేజీ చదివాడు. రెండోది తిప్పాడు. ఫోన్ మోగితే తీసి పక్కన బోర్లా పెట్టాడు. పసుపు బూడిద గురించి ఒక ముసలమ్మ చెప్పిన మాట దగ్గర ఆయన పెదవి కొద్దిగా కదిలింది. పెరుందేవి మోహనకు కుర్చీ చూపించింది. ఆ పిల్ల కుర్చీ అంచున కూర్చుంది. ఆయన చివరిదాకా చదివాడు.

ఎర్ర పెన్ను మూత పెట్టి, జేబులోంచి నీలం పెన్ను తీసి, ఆ కొత్త పేజీ అడుగున సంతకం చేశాడు.

"సంతకం అట్ట లోపల పేజీలో కదా సార్?" అంది పెరుందేవి.

"అక్కడా పెడతాను మేడమ్," అన్నాడాయన.

మధ్యాహ్నానికి నోటీసు బోర్డులో పాత సర్క్యులర్ పోయి కొత్తది వచ్చింది. మాన్యువల్ ఎవరూ కొననక్కర్లేదు, లైబ్రరీకి మరికొన్ని ప్రతులు తెప్పిస్తారు. అయితే సంతకం కావలసిన ప్రతి విద్యార్థినీ తన పట్టికలోని ప్రతి పుస్తకాన్నీ, ప్రతి వ్యాసాన్నీ తెరిచి, తను వాడుకున్న చోటుని గైడ్‌కి చూపించాలి. సంతకాలు అయిపోయిన రిపోర్టులకు కూడా ఇది వర్తిస్తుంది.

మునిలక్ష్మి రెండుసార్లు చదివింది. "చూడందేదైనా చూసినాను అనడానికి లేదా ఇంక? దీనికంటే ఆ కామాల పుస్తకం కొనుక్కునేదే సులువుగా ఉన్నింది మేడమ్."

"సులువేనమ్మా," అంది పెరుందేవి.

ఆమె లైబ్రరీ వైపు నడిచింది. పిల్లలు గొణుక్కుంటూ, నవ్వుకుంటూ, అట్టముక్కల కట్టలు పట్టుకుని వెనకే వచ్చారు. లోపల కిటికీలు తెరిచి, హ్యాండ్‌బ్యాగు కుర్చీకి తగిలించి, పెరుందేవి బీరువా తలుపులు రెండూ బార్లా తీసింది.